దగ్గు లేని క్షయ

రెండేళ్ళ కిందటి మాట. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మా అత్తగారి ఊరు బోరంచ వెళ్ళాను. నారాయణఖేడ్ వైపు, మంజీర ఒడ్డున ఉంటుంది. నల్ల పోచమ్మ తల్లి గుడికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తుంటారు కాబట్టి మీలో కొందరికి మా ఊరు తెలిసే ఉంటుంది. అమ్మవారికి బోనం చెల్లించాలని మా చిన్నాడబిడ్డ కూడా కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకి 19 ఏళ్ళు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది.

మండే ఎండల్లో మేమంతా కొంగులతో విసురుకుంటూ కూర్చుంటే, ఆ పిల్ల మాత్రం చున్నీని మెడచుట్టూ రెండు చుట్లు చుట్టుకుని కూర్చుంది. "ఉక్కపొయ్యట్లేదానే, తీసెయ్" అన్నాను. నవ్వి ఊరుకుంది. రాత్రి నా పక్కనే పడుకుంది. నిద్రలో చున్నీ జారితే అప్పుడు చూశాను. మెడకి కుడిపక్కన వరసగా మూడు గడ్డలు. పెద్దది ఉసిరికాయంత ఉంది.

పొద్దున్నే ఆడబిడ్డను పెరట్లోకి పిలిచి అడిగాను. "మెల్లగ మాట్లాడు వదినా!" అంది. "సంకురాత్రికి ముందు నుంచి ఉన్నయ్. నొప్పి లేదు, ఏం లేదు. తగ్గితే మల్లా బోనమెత్తుతనని తల్లికి మొక్కిన. సంబంధాలొస్తున్నయ్, నలుగురికి తెలిస్తే పిల్లనెవరు చేసుకుంటరు?"

అప్పటికి చేయని వైద్యం లేదు. ఊళ్ళో ఆర్ఎంపీ సూదులు వేశాడు. యాంటీబయాటిక్ మాత్రలు మూడు దఫాలు మింగించారు. ఎవరో చెప్పారని ఆకుపసరు పట్టీలు కట్టారు. సాయంత్రాలు కొద్దిగా ఒళ్ళు వెచ్చబడేదట. బరువు తగ్గింది. పరీక్షలకి చదివి చదివి చిక్కిందనుకున్నారు. దగ్గు మాత్రం లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఎవరికో ఎందుకు? నాకే రాలేదు. బీఎస్సీ చదివాను, కథలు రాస్తాను. నేను రాసిన ఒక కథలో క్షయ రోగి ఉన్నాడు. దగ్గుతాడు, రుమాల్లో నెత్తుటి మరక చూసుకుని భార్యకు తెలియకుండా దాచుకుంటాడు. మన సినిమాల్లోనూ అంతే కదా! హీరో దగ్గాడంటే ప్రేక్షకులకి విషయం అర్థమైపోతుంది. మనకి తెలిసిన క్షయ అదొక్కటే. ఉసిరికాయంత గడ్డతో, ఒక్కసారి కూడా దగ్గకుండా పక్కలో పడుకున్న పిల్లకి అదే జబ్బు ఉందని నాకెలా తడుతుంది?

క్షయ ఊపిరితిత్తులకే వస్తుందన్నది సగం నిజం. గోళ్ళు, వెంట్రుకలు మినహా శరీరంలో దాదాపు ఏ భాగానికైనా రావచ్చు. మెడ గ్రంథులు, ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర, పేగులు, వెన్నుపూస, మెదడు పొరలు, ఆడవాళ్ళకైతే గర్భసంచి, దాని పక్కనుండే నాళాలు... అన్నిచోట్లకూ ఈ సూక్ష్మజీవి చేరగలదు. మన దేశంలో నమోదవుతున్న క్షయ కేసుల్లో దాదాపు నాలుగో వంతు ఊపిరితిత్తుల బయటివే. వాటిలో ఎక్కువగా కనిపించేది మా పిల్లకి వచ్చినట్టు మెడ గ్రంథుల జబ్బే. మన పెద్దవాళ్ళు దీన్నే గండమాల అన్నారు.

గడ్డకి పసరు కట్టారని నవ్వకండి. ఒకప్పుడు ఇంగ్లండులో ఈ గండమాలకి వైద్యం, రాజుగారో రాణిగారో చేత్తో తాకడం! తర్వాతి కాలంలో పేరుమోసిన ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్‌ని పసివాడిగా ఉన్నప్పుడు, 1712లో, వాళ్ళమ్మ లండన్ తీసుకెళ్ళి రాణి ఆన్ చేత తాకించింది. తగ్గలేదు. ఆ తల్లి ఆరాటానికీ మా ఆడబిడ్డ మొక్కుకీ నాకేం తేడా కనిపించదు. కాకపోతే ఆ తల్లికి వేరే దారి లేదు. మనకి ఉంది.

ఆ దారిలో మేం ఎక్కడ తప్పటడుగు వేశామో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పట్టుబట్టి పిల్లని పట్నంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాం. చిన్న ఆపరేషన్ చేసి పెద్ద గడ్డ తీసేశారు. నర్సు బయటికొచ్చి చిన్న సీసా చేతిలో పెట్టి, ల్యాబులో ఇచ్చి రమ్మంది. నీళ్ళలాంటి మందులో తేలుతున్న ఆ ముక్కని నేనే మోసుకెళ్ళాను. పది రోజులకి రిపోర్టు వచ్చింది. 'క్షయ కావచ్చు, ఇతర పరీక్షలతో సరిపోల్చుకోవాలి' అని దాని సారాంశం. కావచ్చు అంటే? ఉన్నట్టా, లేనట్టా? ఆరు నెలల మందులు 'కావచ్చు' మీద మొదలుపెట్టాలా? మా ఆడబిడ్డ ఏడుపు, బావగారి కోపం. "ఉన్నదేందో లేనిదేందో చెప్పలేనోళ్ళు పిల్ల మెడ ఎందుకు కోసిన్రు?" అని ఆయన అడిగిన మాటకి నా దగ్గర జవాబు లేదు.

చివరికి సర్కారు దవాఖానకి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ రిపోర్టు చూసి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ముక్క మొత్తం ఫార్మలిన్‌లోనే వేశారా?"

నేను మోసుకెళ్ళిన సీసాలో ఉన్నది ఫార్మలిన్ అని అప్పుడు తెలిసింది. ముక్క కుళ్ళిపోకుండా ఉంచి, పల్చగా కోసి సూక్ష్మదర్శినిలో చూడటానికి అది కావాలి. తప్పేమీ కాదు. కానీ అందులో పడిన సూక్ష్మజీవి చచ్చిపోతుంది. ఇక కల్చర్ పరీక్షలో పెరగదు. దాని జన్యువులు కూడా దెబ్బతింటాయి కాబట్టి కొత్తగా వచ్చిన వేగవంతమైన జన్యుపరీక్షకి ఆ ముక్క పనికిరాదు. ముక్కలో కొంత భాగాన్ని మామూలు సెలైన్ నీళ్ళున్న రెండో సీసాలో వేసి ఉంటే చాలు, ఒకట్రెండు రోజుల్లో సంగతి తేలిపోయేది. సెలైన్ ఖరీదెంత? మెడమీద ఆ కోత, పది రోజుల నిరీక్షణ, ఇంటిల్లిపాదీ ఏడుపు... అన్నీ ఆ రెండో సీసా లేకపోవడం వల్లే.

మిగిలిన గడ్డల్లో ఒకదాన్నించి సూదితో కాస్త ద్రవం తీశారు. కోత లేదు, కుట్లు లేవు. దాన్ని సీబీనాట్ పరీక్షకి పంపారు. మర్నాటికల్లా జవాబు వచ్చింది. క్షయ ఉంది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగుతుంది. ఉందని తెలిసినందుకు మేము సంతోషపడ్డామంటే మీరు నమ్మాలి!

ఈ పరీక్ష సంగతి కాస్త చెప్పుకుందాం. రాబర్ట్ కాక్ క్షయ సూక్ష్మజీవిని కనిపెట్టి 1882 మార్చి 24న ప్రకటించాడు. అప్పట్నుంచి నూరేళ్ళు దాటినా, ఎక్కువ చోట్ల పరీక్ష అంటే కఫాన్ని గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో వెతకడమే. ఒక మిల్లీలీటరులో 5,000 నుంచి 10,000 దాకా సూక్ష్మజీవులు ఉంటే తప్ప అందులో కనబడవు. గడ్డల్లో, పొరల్లో, వెన్నునీటిలో అవి చాలా తక్కువగా ఉంటాయి. అందుకే ఆ పరీక్షకి దొరకవు. కల్చర్‌లో దొరకొచ్చుగానీ వారాల తరబడి ఆగాలి.

జన్యుపరీక్ష అలా కాదు. సూక్ష్మజీవి జన్యువులో ఒక గుర్తుపట్టదగిన ముక్కని పట్టుకుని, దాన్ని లక్షల ప్రతులుగా పెంచి, ఉందో లేదో చెబుతుంది. నమూనాలో ద్రవం కలిపి కాట్రిడ్జిలో పోసి యంత్రంలో పెడితే రెండు గంటల్లోపు ఫలితం వస్తుంది. సూక్ష్మజీవులు మిల్లీలీటరుకి సుమారు 130 ఉన్నా పట్టేస్తుంది. 2017లో వచ్చిన 'అల్ట్రా' కాట్రిడ్జి సుమారు 16 ఉన్నా పట్టగలదు. ఈ జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రాన్ని ఒకప్పుడు అమెరికా తపాలా శాఖ ఉత్తరాల్లో ఆంత్రాక్స్ ఉందేమో వెతకడానికి వాడింది. క్షయకి వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. 2013లో ఊపిరితిత్తుల బయటి క్షయకీ పనికొస్తుందంది. మన దగ్గర దీన్నే సీబీనాట్ అంటారు. గోవాలో తయారయ్యే ట్రూనాట్ అనే చిన్న యంత్రం కూడా వచ్చింది. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి కరెంటు సరిగా ఉండని చోట కూడా పనిచేస్తుంది. ప్రభుత్వ క్షయ నిర్మూలన కార్యక్రమంలో ఈ పరీక్షలకి డబ్బు తీసుకోరు.

ఇంత చెప్పాను కదా అని ఇదేదో సర్వరోగ నిర్ణయ యంత్రం అనుకోవద్దు. మెడ గడ్డల్లో ఇది బాగా పనిచేస్తుంది, పదింట ఎనిమిదికి పైగా పట్టుకుంటుంది. మెదడు పొరల క్షయకి వెన్నునీటిని పరీక్షిస్తే పదింట ఏడు దొరుకుతాయి. ఊపిరితిత్తుల చుట్టూ చేరే నీటిలోనైతే సగం కూడా దొరక్కపోవచ్చు. అంటే 'ఉంది' అంటే ఉన్నట్టే లెక్క. 'లేదు' అంటే మాత్రం లేనట్టు కాదు. అప్పుడు డాక్టరు మిగతా లక్షణాలు, స్కానింగు, బయాప్సీ, కల్చర్ అన్నీ కలిపి చూసుకుని నిర్ణయించాలి. 'నెగెటివ్ వచ్చిందిగా' అని మనమే ఇంటికి వచ్చేయకూడదు.

ఇక్కడే ఆడవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది.

గర్భసంచికీ, నాళాలకీ క్షయ వస్తే చాలామందికి ఏ బాధా తెలియదు. నెలసరి తగ్గవచ్చు, ఆగిపోవచ్చు. ఒక్కోసారి పొత్తికడుపు నొప్పి. అంతకన్నా ముందు బయటపడేది పిల్లలు కలగకపోవడం. నాళాలు మూసుకుపోయిన ఆ అమ్మాయికి ఊళ్ళో పెట్టే పేరు ఏమిటో మనందరికీ తెలుసు. సీమంతానికి పిలవరు, పసిబిడ్డని చేతికివ్వరు. భర్తకి రెండో పెళ్ళి మాట కూడా ఎత్తుతారు. లోపల పనిచేసింది ఒక సూక్ష్మజీవి అనీ, దానికి మందుందనీ ఎవరికీ తట్టదు. ఆలస్యమైతే నాళాలు మళ్ళీ తెరుచుకోకపోవచ్చు కూడా. అందుకే ముందుగా తెలియడం అవసరం.

ఇందులో రెండోవైపు కూడా చెప్పాలి. గర్భసంచి పొర నమూనాలో ఈ జబ్బును పట్టుకోవడం సీబీనాట్‌కీ కష్టమే. మరోపక్క కొన్ని ప్రైవేటు ల్యాబుల్లో సొంత పద్ధతిలో చేసే పీసీఆర్ పరీక్షలు లేని జబ్బును ఉందని చెప్పే ప్రమాదం ఉంది. పిల్లలు కలగాలన్న ఆరాటంలో ఉన్న ఆడదానికి ఆ ఒక్క కాగితం చూపించి ఆరు నెలల మందులు మింగించడం న్యాయం కాదు. లాపరోస్కోపీ, బయాప్సీ లాంటివి చూసి, ఎందుకు అనుమానిస్తున్నారో చెప్పమని అడిగే హక్కు మనకుంది. రక్తం తీసి యాంటీబాడీలు చూసి క్షయ ఉందని చెప్పే పరీక్షలనైతే మన ప్రభుత్వం 2012లోనే నిషేధించింది.

నడుంనొప్పి సంగతీ అంతే. ఇంట్లో ఆడవాళ్ళ నడుంనొప్పిని ఎవరు లెక్కచేస్తారు? నీళ్ళబిందెలు మోస్తే రాదా, కాన్పులైతే రాదా అంటారు. నిజమే, ఎక్కువసార్లు అదే. కానీ వారాల తరబడి తగ్గక, రాత్రిళ్ళు పెరిగి, జ్వరమూ బరువు తగ్గడమూ తోడైతే వెన్నుపూస క్షయేమో చూడాలి. కాళ్ళు చచ్చుబడేదాకా ఆగకూడదు. పిల్లలకి రోజుల తరబడి జ్వరం, తలనొప్పి, వాంతులు ఉండి మగతగా పడి ఉంటే మర్నాటిదాకా కూడా ఆగొద్దు. మెదడు పొరల క్షయ అయితే ప్రతి రోజూ విలువైనదే.

ఇదంతా చూశాక నాకొకటి అనిపించింది. గోడల మీద, బస్టాండ్లలో మన ప్రభుత్వ ప్రకటనలు ఎన్నాళ్ళనుంచో ఒకటే చెబుతున్నాయి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోండి అని. మంచి మాటే. నలుగురికి అంటించేది ఊపిరితిత్తుల క్షయే కాబట్టి దాన్ని ముందు చెప్పడం సబబే. కానీ ఆ ప్రకటన చదివిన మా ఆడబిడ్డ, "మా పిల్లకి దగ్గు లేదు" అని నిశ్చింతగా ఉంది. దగ్గు పక్కనే ఇంకొక్క వాక్యం చేర్చలేమా? 'రెండు వారాలు దాటినా తగ్గని గడ్డ చూపించుకోండి' అని. ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త దగ్గుతో పాటు గడ్డ గురించీ, తగ్గని నడుంనొప్పి గురించీ అడిగితే ఎంత బాగుంటుంది! ఆడపిల్ల మెడ మీది గడ్డని మగ డాక్టరుకన్నా ముందు ఆమెకే చూపిస్తారు.

ఆసుపత్రులవాళ్ళని అడిగేది కూడా పెద్దదేం కాదు. గడ్డ కోసే ప్రతిచోటా, అది చిన్న నర్సింగ్ హోమైనా సరే, రెండు సీసాలు ఉండాలి. ఒకటి ఫార్మలిన్‌ది, ఒకటి సెలైన్‌ది. క్షయ అనుమానం ఉన్న ప్రతి ముక్కా రెండింటిలోనూ పడాలి. మా ఖేడ్ వైపు పల్లెల నుంచి ఒక నమూనా యంత్రం దాకా చేరాలంటే ఎన్ని బస్సులు మారాలో నాకు తెలుసు. యంత్రం కొన్నంత మాత్రాన సరిపోదు, నమూనాని మోసుకెళ్ళే మనిషిని కూడా ఏర్పాటు చేయాలి. లేకపోతే రెండు గంటల పరీక్షకి రెండు వారాలు పడుతుంది.

మరి మనం చేయాల్సింది? ఇంట్లో ఎవరికైనా గడ్డ కోస్తామన్నా, నీరు తీస్తామన్నా, ముందే అడగండి. "డాక్టరు గారూ, క్షయ అనుమానం ఉందా? ఉంటే సూదితో తీస్తే సరిపోతుందా? కొంత ముక్క సెలైన్‌లో వేసి సీబీనాట్‌కి పంపుతారా?" ఇంతే. చదువుకోనివాళ్ళు కూడా అడగగలరు. చిరాకు పడితే పడనివ్వండి. ముక్క మనది!

మందులు మొదలుపెట్టాక కూడా కొన్ని తెలిసుండాలి. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. వెన్నుపూసకీ మెదడుకీ ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. మందు వేసుకున్న రోజున మూత్రం నారింజరంగులో వస్తే నెత్తురనుకుని బెదరొద్దు, అది రిఫాంపిసిన్ రంగు. ఆ మందు వాడేటప్పుడు గర్భం రాకుండా వేసుకునే మాత్రలు సరిగా పనిచేయవు, వేరే పద్ధతి అడగండి. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే డాక్టరుకి చూపించండి. మందులు వాడుతుండగానే గడ్డ ఒక్కోసారి ముందుకంటే ఉబ్బుతుంది. మా పిల్లకి రెండో నెలలో అలాగే అయింది. మందు పనిచేయట్లేదని మానేయబోయారు. డాక్టరమ్మ నచ్చజెప్పబట్టి ఆగారు. మందులకి డబ్బు కట్టనక్కర్లేదు. పౌష్టికాహారం కోసం 2018 నుంచి నెలకి 500 రూపాయలు ఇస్తుండగా, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. సందేహాలుంటే 1800 11 6666 నంబరుకి ఫోన్ చేయొచ్చు.

చివరిగా, దాచడం గురించి. మెడ గడ్డల క్షయ ఒక్కటే ఉంటే, ఊపిరితిత్తుల్లో లేదని ఎక్స్‌రే తీసి తేల్చుకున్నాక, అది పక్కవాళ్ళకి అంటుకోదు. పళ్ళెం వేరు పెట్టనక్కర్లేదు, పడక వేరు చేయనక్కర్లేదు. ఈ మాట డాక్టరమ్మ నోటి నుంచి విన్నాకే మా ఆడబిడ్డ కూతుర్ని పక్కలో పడుకోబెట్టుకుంది. అప్పటిదాకా ఆ పిల్ల ఒంటరిగా వసారాలో పడుకునేదని నాకు తర్వాత తెలిసింది. గడ్డకన్నా అదే దాన్ని ఎక్కువ బాధపెట్టి ఉంటుంది.

ఆరు నెలల కోర్సు పూర్తయింది. గడ్డలు కరిగిపోయాయి. ఆపరేషన్ మచ్చ మాత్రం మిగిలింది. మొన్న మళ్ళీ బోరంచలో కలిశాం. మా ఆడబిడ్డ మొక్కు ప్రకారం పోచమ్మ తల్లికి బోనమెత్తింది. తల్లి దయో మందుల మహిమో ఆవిడ ఇష్టం, నేను వాదించలేదు. పిల్ల మాత్రం చున్నీని భుజానికి వేసుకుని, మెడ మచ్చ కనిపిస్తున్నా పట్టించుకోకుండా అందరికీ ప్రసాదం పంచుతోంది. ఎవరో పెద్దావిడ, "మెడకేమైంది బిడ్డా?" అని అడిగింది. మా ఆడబిడ్డ గాభరాగా నావైపు చూసింది.

"టీబీ అయ్యింది పెద్దమ్మా, తగ్గింది" అంది పిల్ల.

పెద్దావిడ ఒక నిమిషం ఊరుకుంది. తర్వాత చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి, "మా కోడలికి గూడ గిట్లనే ఉన్నది, ఏ దవాఖానకి పోయిన్రు?" అని అడిగింది.